మొలలోతు నీళ్ళలో దారి

పడవెక్కబోతూ అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, లోతెంత ఉంటుంది?"

మొలలోతు అంటాను. చాలాచోట్ల మోకాలికి మించదు. ఆ మాట వినగానే పిల్లలతో వచ్చిన తల్లుల మొహాలు తేటపడతాయి, కుర్రాళ్ళ మొహాలు వాడిపోతాయి. ప్రతి గుంపులోనూ థాయిలాండు పోయొచ్చిన ఆయన ఒకరుంటారు. క్రాబీలో స్పీడుబోటు మీద ఒక్కరోజులో నాలుగు దీవులు తిరిగొచ్చామని చెప్పి, "మీ టూరులో ఎన్ని దీవులు?" అంటారు. నీళ్ళు ఎన్ని చూడనిస్తే అన్ని, అంటాను. తప్పించుకోవడానికి చెప్పే మాట అనుకుంటారు గానీ, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అది ఎంత నిజమో వాళ్ళకే తెలిసొస్తుంది.

భీమునివారిపాలెం రేవు నుంచి పులికాట్ సరస్సులోకి జనాన్ని తీసుకుపోయి, తిప్పలు చూపించి, ఇరకం దీవిలో భోజనం పెట్టించి, చీకటి పడక ముందే తిరిగి రేవుకు చేర్చడం నా పని. తడ పక్కన, చెన్నై హైవే మీద, చెక్‌పోస్టు పేరు చెబితే లారీ డ్రైవర్లందరికీ తెలిసే ఊరు మాది. ఆ చెక్‌పోస్టు దగ్గర గంటలు గంటలు నిలబడ్డవాళ్ళలో చాలామందికి, ఇళ్ళ వెనకాల ఇంత నీళ్ళున్నాయని మాత్రం తెలీదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు తడ, సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలో పడ్డాయి. బోర్డులు మారాయి. మా మాటా మా పులుసూ నెల్లూరివే కాబట్టి నేను నెల్లూరు తీరమనే చెప్పుకుంటాను, వినేవాళ్ళెవరూ ఇంతదాకా అభ్యంతరం పెట్టలేదు.

మా నాయన, తాత వేట మనుషులు. నేను డిగ్రీ చదివి, సూళ్ళూరుపేటలో చిన్నాచితకా పనులు చేసి, ఫ్లెమింగో పండగ రోజుల్లో పడవల దగ్గర జనాన్ని వరసలో నిలబెట్టే పనికి పోయి, అట్లా ఇందులోకి దిగాను. ఆ పండగ 2001లో మొదలైంది. మూడు రోజులు సూళ్ళూరుపేటలో ఆటాపాటా, నేలపట్టులో పక్షులు, మా రేవులో పడవలు. పండగకు వచ్చినవాళ్ళలో పదిమందికి ఒకరు "మళ్ళీ తీరిగ్గా వస్తాం, పక్కన ఉండి చూపిస్తావా?" అని ఫోన్ నంబరు తీసుకున్నారు. నా కొలువుకు పునాది ఆ పదో మనిషి.

పడవలో మేం ఇద్దరం. మాటలు నావి, గడ మా మామది. ఇంజనుంది, నేనే పట్టుకుంటాను. కానీ పడవ ఎటు పోవాలో చెప్పేది ఆయన చేతిలోని వెదురు గడే.

పులికాట్ ఉత్తర దక్షిణాలుగా 60 కిలోమీటర్ల దాకా సాగిన ఉప్పునీటి సరస్సు. దేశంలో చిల్కా తర్వాత దీన్నే చెబుతారు. ఇంత పెద్ద నీటికి సగటు లోతు ఒక మీటరు. దక్షిణాన ఆరణి నది, పడమటి నుంచి కాళంగి మంచినీళ్ళు తెచ్చి పోస్తాయి. తూర్పున శ్రీహరికోట అడ్డంగా ఉంది, అది దాటితే బంగాళాఖాతం. సముద్రం లోపలికి వచ్చిపోయేది ఆ గట్టుకు అక్కడక్కడా తెగిన ముఖద్వారాల గుండానే. అక్టోబరు నుంచి వానలు పడి కాళంగి నిండుగా దిగితే నవంబరు, డిసెంబరుల్లో నీళ్ళు పెరుగుతాయి, ఉప్పు తగ్గుతుంది. సంక్రాంతి వెళ్ళాక దిగడం మొదలు. మే నెలకు ఉత్తరపు భాగంలో మైళ్ళకు మైళ్ళు ఎండి, ఉప్పు పేరుకున్న తెల్లటి బయలవుతుంది. డిసెంబరులో మేం పడవ వేసుకుపోయిన చోట మనుషులు చెప్పులు చేతబట్టుకుని నడుస్తుంటారు.

కాబట్టి మాకు మ్యాపు పనికిరాదు. ఫోనులో మ్యాపు తెరిచి, "ఇరకం ఎదురుగానే కనిపిస్తుంటే ఇంత చుట్టు ఎందుకు తిప్పుతున్నావు?" అని అడిగేవాళ్ళున్నారు. ఆటోవాడు మీటరు పెంచడానికి సందులు తిప్పినట్టు అనుమానం. మ్యాపులో సరస్సంతా ఒకటే నీలం. దాని కింద మొలలోతు కాలవలున్నాయి, పిక్కలోతు తిప్పలున్నాయి, వాటి మీద చూపుకు ఆనని రెండు జానల నీళ్ళున్నాయి. నేరుగా పోతే ఇంజను ఫ్యాను బురదలో దిగబడుతుంది. అప్పుడు ఇంజను పైకి లేపి, నేనూ మామా దిగి తోయాలి. ప్యాంటు మడుచుకుని మాతోపాటు దిగేవాళ్ళూ ఉంటారు. సగం మందికి ఆ రోజు మొత్తంలో బాగా గుర్తుండేది అదే.

మామ దారి చూసే తీరు నాకు ఇప్పటికీ పూర్తిగా పట్టుబడలేదు. రొయ్యల వలలకు పాతిన గుంజలు ఎటువైపు వరస తీరాయో చూస్తాడు, కాలవ అంచు అక్కడ ఉంటుంది. గాలికి నీటి మీద లేచే ముడతలు లోతున్నచోట బారుగా, తిప్ప మీద పొట్టిగా చిందరవందరగా ఉంటాయంటాడు. నాకు రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. కొంగ కాళ్ళు ఎంతదాకా మునిగాయో చూసి లోతు చెబుతాడు, అది నేను కూడా నేర్చుకున్నాను. అన్నిటికంటే కష్టం గాలి లెక్క. రెండు మూడు రోజులు ఉత్తరపు గాలి ఆగకుండా తోలితే నీళ్ళు దక్షిణానికి జరిగిపోతాయి. నిన్న పోయిన దారిలో ఈరోజు పోలేం. వాన పడకపోయినా, పోటు లేకపోయినా అంతే. పొద్దున్నే రేవులో గడ దించి చూడకుండా ఆయన ఎవరినీ పడవెక్కనివ్వడు.

"ఎట్టుండాది మామా?"

"జానెడు తగ్గిందిరా. పడమరగా పోయి తిరుగుదాం. ఇద్దర్ని దించెయ్."

ఆ చివరి మాట నాకు తలనొప్పి. డబ్బులు కట్టి, చెన్నై నుంచి చీకటితో లేచి వచ్చినవాళ్ళలో ఇద్దర్ని దించమంటే ఎవర్ని దించను? కానీ మనుషుల బరువెంత పెరిగితే పడవ అంత లోపలికి దిగుతుంది. నీళ్ళు తక్కువున్న రోజున ఆ రెండంగుళాలే మమ్మల్ని తిప్ప మీద కూర్చోబెడతాయి. అందుకే ఇప్పుడు పడవ పట్టేదానికంటే తక్కువమందికే మాటిస్తాను. లాభం తగ్గింది, రేవులో గొడవలూ తగ్గాయి.

"మొలలోతే అంటున్నావు, మళ్ళీ లైఫ్‌జాకెట్ ఎందుకన్నా? మునిగితే లేచి నిలబడతాం" అని నవ్వేవాళ్ళకు నేను రెండు తేదీలు చెబుతాను. 2011 డిసెంబరు 25న, ఇదే సరస్సు తమిళనాడు కొసన, పళవేర్కాడు ముఖద్వారం దగ్గర విహారానికి పోయిన పడవ తిరగబడి 22 మంది చనిపోయారు. క్రిస్మస్ సెలవు, బంధువులంతా కలిసి వచ్చినవాళ్ళు, పడవ నిండా జనం, ఒంటి మీద జాకెట్లు లేవు. ఆ తర్వాత ఆ వైపు విహార పడవలు ఆపేశారు. రెండోది 2019 సెప్టెంబరు 15, గోదావరి మీద కచ్చులూరు పడవ ప్రమాదం. అది వరద గోదావరి, మా నీళ్ళతో పోలికే లేదు. అయినా ఆ ప్రమాదం తర్వాతే మన రాష్ట్రంలో విహార పడవలకు తనిఖీలు, కాగితాలు గట్టిపడ్డాయి. బురదలో కాళ్ళు ఇరుక్కున్న మనిషికి మొలలోతు కూడా ఎక్కువే. ముఖద్వారం దగ్గర సంగతి వేరే. అక్కడ పోటుకూ ఆటుకూ నీళ్ళు కోసుకుపోయి గుంటలుంటాయి, లాగుడు ఉంటుంది. "సముద్రం కలిసే చోటికి తీసుకుపో, ఎంతైనా ఇస్తాం" అంటారు. నేను పోను. మామనైతే అడగడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలదు, ఆయన మొహం అట్లాంటిది.

ఇక పక్షులు. జనం వచ్చేదే ఫ్లెమింగోల కోసం, అలిగేది కూడా వాటి మీదే. పోస్టర్‌లో ఫ్లెమింగో కళ్ళు, ముక్కు, ఈకల మడతలు కూడా కనిపిస్తాయి. పడవలోంచి చూస్తే దూరంగా నీటి మీద గులాబీ గీత. "ఇంతేనా?" అంటారు. దగ్గరికి ఎందుకు పోలేమో చెప్పడమే నా ఉద్యోగంలో సగం.

ఫ్లెమింగోకు కాళ్ళు ఎంత పొడుగైనా, దానికి కావలసింది పిక్కలోతు నీళ్ళు. తల తలకిందులుగా దించి, ముక్కు నీళ్ళలో ముంచి, కాళ్ళతో బురద తొక్కి కలుపుతుంది. ఆ కలకనీళ్ళను ముక్కు లోపలున్న సన్నటి దువ్వెన పళ్ళలాంటి వరసతో వడగట్టి నాచు, కంటికి ఆననంత రొయ్యజాతి పురుగులు తింటుంది. ఒంటి రంగు ఆ తిండిలోంచి వచ్చిందే. పడవకు కావలసింది తక్కువలో తక్కువ తొడలోతు. తొడలోతుకూ పిక్కలోతుకూ మధ్య మా సరస్సులో వందల గజాల బురద ఉంటుంది. ఎవరూ కంచె వెయ్యలేదు, లోతే వాటికి కంచె. ఎక్కడ తినాలో ఆ పక్షికి తెలుసు, ఎక్కడ ఆగాలో మా పడవకు తెలుసు. నీళ్ళు బాగా పెరిగిన సంవత్సరం మేం అన్ని మూలలకూ పోగలుగుతాం, ఫ్లెమింగోలు మాత్రం ఆ మూలల్లో ఉండవు, లోతు తక్కువున్న చోటు వెతుక్కుంటూ జరిగిపోతాయి. నీళ్ళు తగ్గితే అవి రేవుకు దగ్గరగా వస్తాయి, మా పడవ కదలదు. ఈ దోబూచులాట తెలిసినవాళ్ళు డిసెంబరులో పడవ కోసం, ఫిబ్రవరిలో గట్టు మీంచి పక్షుల కోసం, రెండుసార్లు వస్తారు. అటువంటివాళ్ళు తక్కువ.

పెద్ద కెమెరాలవాళ్ళతో పేచీ. "ఇంకో యాభై అడుగులు పోనీ అన్నా, గడతో తోయించు, నీకు వేరేగా చూసుకుంటా." ఫ్లెమింగో ఉన్నచోటి నుంచి ఉన్నట్టుగా లేవలేదు. నీళ్ళ మీద కొంత దూరం పరుగు తీసి లేవాలి. ఒకటి పరుగెత్తితే గుంపంతా లేస్తుంది. అట్లా లేచినప్పుడు ఫోటో బాగుంటుందని వాళ్ళకు తెలుసు, నాకూ తెలుసు. రోజంతా బురద వడగట్టి సంపాదించిన బలం ఆ ఎగురుడుకు ఖర్చు. రోజుకు నాలుగు పడవలు అట్లా లేపితే ఆ తిప్పకు మళ్ళీ రావు. 1976 నుంచి ఇది పక్షుల అభయారణ్యం, అటవీశాఖవాళ్ళు చూస్తే నా పని పోతుందని చెప్పి తప్పించుకుంటాను, ఆ మాటైతే తొందరగా ఎక్కుతుంది. డ్రోను తెచ్చినవాళ్ళకు రేవులోనే చెప్పేస్తాను, సంచిలోంచి తియ్యొద్దని. ఒకవైపు అభయారణ్యం, ఇంకోవైపు రాకెట్ కేంద్రం. ఆకాశం రెండువైపులా మనది కాదు.

థాయిలాండు ఆయనకు ఇక్కడే నేను జవాబు చెబుతాను. వాళ్ళ ఫీఫీ దీవుల్లో మాయా బే అనే తీరం ఉంది. సినిమాలో కనబడ్డాక జనం విరగబడి, పడవల లంగర్లకు పగడాలు విరిగిపోయి, 2018 జూన్‌లో ఆ తీరాన్ని మూసేశారు. తెరిచింది 2022 జనవరిలో. ఇప్పుడు పడవలు ఆ కొలను లోపలికి పోవు, దీవి వెనకవైపు దించితే జనం నడిచి రావాలి. ఆయన వెళ్ళింది మూసిన సంవత్సరమో తెరిచిన సంవత్సరమో అడుగుతాను. ఇంతటితో కొంచెం చల్లబడతాడు.

ఇంకో మాట. "ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయంట కదా" అని అందరూ అంటారు. పండగ రోజుల్లో మైకుల్లో కూడా అదే చెబుతారు. బాతుల్లో సూదితోక బాతులాంటి కొన్ని ఉత్తరాన చలిదేశాల నుంచి దిగే మాట నిజం. మన దేశంలో ఫ్లెమింగోలు గూళ్ళు పెట్టేది ఎక్కువగా గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. ఇక్కడికి తిండికి వస్తాయి. గూడబాతులు ఇక్కడివే, నేలపట్టులో పిల్లల్ని చేసి, వాటికి చేపలు పట్టుకుపోవడానికి మా సరస్సుకు వస్తాయి. సైబీరియా అంటే దూరం ఎక్కువ కాబట్టి గొప్పగా వినిపిస్తుంది. గైడు ఎవరైనా పక్షులన్నిటికీ కలిపి సైబీరియా అంటే, మిగతా మాటలు కూడా కొంచెం తగ్గించి నమ్మండి.

ఇరకం దగ్గర పడవ ఆగాక దిగే తొందరలో ఉన్న ఆడవాళ్ళు నన్ను పక్కకు పిలిచి అడిగేది బాత్రూం ఎక్కడని. ఏ ట్రావెల్ పుస్తకంలోనూ ఈ సంగతి రాయరు గానీ, ఒక రోజు యాత్ర నడిచేదీ ఆగిపోయేదీ దీని మీదే. నీళ్ళ మధ్య నాలుగు గంటలు ఎక్కడా చాటు లేదు. అందుకే మొదటి తిప్ప దగ్గర ఆలస్యం చెయ్యను. ఊళ్ళో నాకు భోజనాలు వండే పెద్దమ్మ ఇంట్లో ముందే మాట్లాడి ఉంచుతాను. తాగేనీళ్ళ క్యాన్లు మేమే తీసుకుపోతాం. చుట్టూ కనుచూపు మేర నీళ్ళున్న ఊళ్ళో మంచినీళ్ళు వాళ్ళకే బంగారం, మనం పోయి తాగి రావడం ధర్మం కాదు.

పెద్దమ్మ వంట గురించి మాత్రం పొగడకుండా ఉండలేను. పొద్దున వలలో పడ్డ బొంత చేపలు, రొయ్యలు, ఎండ్రకాయలు. ఏది పడితే అది, ముందుగా మెనూ అడగొద్దు. మామిడికాయ దొరికే రోజుల్లో అయితే పులుసులో ముక్కలు వేస్తుంది. పెద్ద ఎండ్రకాయలు ఊళ్ళో మిగలవు, మంచి ధరకు బయటికి పోతాయి, సింగపూర్ దాకా పోయేవి కూడా ఉన్నాయి. మాకు దక్కేవి చిన్నవి. చెన్నైలో పెద్ద హోటల్లో తిన్నదానికంటే ఇది బాగుందని ఒకాయన అంటే, "అక్కడ మీరు తిన్నది కూడా ఈడ నుంచి పోయిందే అబ్బయా, దారిలో రుచి దిగిపోయుంటాది" అంది. శాకాహారులకు పప్పుచారు, వడియాలు, మజ్జిగ. వాళ్ళు ముందు రోజే చెప్పాలి, కూరగాయలు కూడా పడవెక్కే రావాలి కదా.

భోజనాలయ్యాక ఊళ్ళో నడిపిస్తాను. ఇది చూపించడానికి ఉన్న ఊరు కాదు, మనుషులు బతికే ఊరు. ఇళ్ళలోకి కెమెరా పెట్టకండి, వల అల్లుతున్న మనిషిని ఇటు తిరగమనకండి అని పడవలోనే చెప్పి తెస్తాను. బళ్ళో అయ్యవార్లు పడవలో వచ్చి పడవలో పోతారు. రేషన్ బియ్యం పడవలోనే, పెళ్ళివారు పడవలోనే. రాత్రిపూట నొప్పులొచ్చిన పిల్లను తీసుకుపోవడమూ పడవలోనే. అక్కడ నా మాట కొంచెం తగ్గిపోతుంది. జనం డబ్బులిచ్చి సరదాకి తిరిగే నీళ్ళమీద వాళ్ళ అవసరాలన్నీ నడుస్తున్నాయి. గాలి ఎక్కువున్న రోజు నేను టూరు రద్దు చేసుకుని ఇంట్లో పడుకుంటాను. వాళ్ళకు ఆ వీలు లేదు.

గాలి సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. మధ్యాహ్నం రెండు దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. లోతులేని నీటిలో అలలు ఎత్తుగా లేవవు, దగ్గర దగ్గరగా, గుద్దినట్టు వస్తాయి. ప్రమాదం కంటే తడి ఎక్కువ. చీరలు, కెమెరాలు, నిద్రపోతున్న పిల్లలు అన్నీ తడుస్తాయి. అందుకే తిన్న గంటకే అందరినీ లేపుతాను. అందరికీ అప్పుడే చాప మీద నడుం వాల్చాలని ఉంటుంది, నా మీద కోపం వచ్చేదీ అప్పుడే.

తిరుగు దారిలో తూర్పున పొడుగ్గా నల్లటి గీతలా కనిపించేది శ్రీహరికోట. "అక్కడ దిగుదాం" అనని గుంపు లేదు. ఈ సరస్సులో అన్నిటికంటే పెద్ద దీవి అదే, దిగనివ్వనిదీ అదే. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ చోటు ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ లేచింది. 2002లో సతీశ్ ధవన్ పేరు పెట్టారు. తూర్పున ఖాళీ సముద్రం ఉండటం, భూమధ్యరేఖకు దగ్గర కావడం ఆ చోటుకు కలిసొచ్చిన సంగతులు. అంతకు ముందు అది అడవి, యానాదుల ఊళ్ళు. ఆ అడవి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసు పొయ్యిల్లోకి పోయేవి. 1876-78 కరువులో పని లేక మాడుతున్న జనం చేత తవ్వించి కలిపిన కాలువ అది, అప్పటి మద్రాసు గవర్నరు పేరు దానికి పడింది. చెన్నై నుంచి వచ్చిన పెద్దవాళ్ళకు ఈ కట్టెల సంగతి చెబితే కొందరు తమ ఇంట్లో అమ్మమ్మ వాడిన సర్వికట్టెలు గుర్తు చేసుకుంటారు. పిల్లలకు మాత్రం రాకెట్ కబుర్లే కావాలి.

రాకెట్ రోజున గిరాకీ ఎక్కువ, పని తక్కువ. 2019 నుంచి శ్రీహరికోటలోనే జనం కూర్చుని చూడటానికి గ్యాలరీ కట్టారు, ముందుగా పేరు రాయించుకున్నవాళ్ళు అక్కడికే పోతారు. మిగిలినవాళ్ళు మా రేవుకు వస్తారు. పడవ తియ్యొచ్చో లేదో ఆరోజు పోలీసులు చెప్పిందే లెక్క, ఎక్కువసార్లు గట్టు మీదే ఉంటాం. మా దగ్గర నుంచి చూసేవాళ్ళకు ముందు వెలుగు కనిపిస్తుంది, రాకెట్ మబ్బు దాటేస్తుంది, అప్పటికీ చప్పుడు ఉండదు. అందరూ చప్పట్లు కొట్టి, ఫోన్లు జేబులో పెట్టుకున్నాక, నిమిషం దాటి ఆ ఉరుము నీళ్ళ మీదుగా వచ్చి రొమ్ములో తగులుతుంది. చప్పుడు వస్తుంది ఆగండి అని నేను ముందే చెప్పను. అది నా చిన్న సరదా.

మూడో దీవిగా వేనాడు పెడతాను. దానికి రోడ్డుంది కాబట్టి పడవ దిగి వ్యాన్లో పోతాం. అక్కడి దర్గా మీద నమ్మకం మా వైపు అన్ని కులాలవాళ్ళకూ ఉంది, గంధం రోజుల్లో అయితే వ్యాను కదిలే దారి ఉండదు. ఆ తర్వాత టైముంటే దొరవారిసత్రం దగ్గర నేలపట్టు. 458 హెక్టార్ల చిన్న చోటు. నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతుల గూళ్ళు కిక్కిరిసి ఉంటాయి. పడవలో దూరం దూరం అని అలిగినవాళ్ళకు కక్ష తీరేది అక్కడ. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలాలకు బలమని అక్కడి రైతులు తరాలుగా వాటిని ఎవరినీ తాకనివ్వలేదు. అభయారణ్యం బోర్డు తర్వాత వచ్చింది.

వచ్చేవాళ్ళు ఒక్కరోజు చూసి పోతారు. ఏడాది పొడుగునా చూసేవాళ్ళకు కనిపించేది వేరే. రాయదొరువు దగ్గరి ముఖద్వారం ఇసుకతో పూడిపోతూ ఉంది. సముద్రపు పోటు లోపలికి రాకపోతే రొయ్యపిల్ల రాదు, చేప రాదు, నీళ్ళు కదలవు. మా నాయన గడ మునిగిన చోట మా మామ గడ సగం మునుగుతుంది. పూడిక తీసి ముఖద్వారం తెరుస్తామనే మాట ప్రతి ప్రభుత్వం నోటా వింటున్నాం. శ్రీహరికోటకు సూళ్ళూరుపేట నుంచి సరస్సుకు అడ్డంగా కట్ట పోసి రోడ్డు వేశారు. తూములున్నాయి, కానీ కట్టకు ఈవల నీళ్ళు, ఆవల నీళ్ళు మునుపటిలా కలిసి ఆడవని వేటకు పోయే ఎవరిని అడిగినా చెబుతారు. టూరిస్టులకు ఆ రోడ్డంటే ప్రాణం, కారులో కూర్చునే రెండువైపులా పక్షులు కనిపిస్తాయి. పక్షులు అంత దగ్గరగా ఎందుకు నిలబడ్డాయో, అక్కడ లోతెంత తగ్గిందో వాళ్ళకు అక్కర్లేదు. అడిగితే చెబుతాను.

ఫ్లెమింగో పండగ 2020 తర్వాత ఆగిపోయి, మళ్ళీ 2025 జనవరి 18 నుంచి మూడు రోజులు జరిగింది. ఆగిన ఆ ఏళ్ళలో మేం నిలదొక్కుకుంది పదో మనిషి ఫోన్లతోనే. పండగ రోజుల్లో నేను టూర్లు పెట్టుకోను. జనం ఎక్కువ, పక్షులు లోపలికి జరిగిపోతాయి, పెద్దమ్మ వండలేదు. ఆ మూడు రోజులూ మళ్ళీ వరసలు నిలబెట్టే పనికే పోతాను, కూలీ బాగుంటుంది.

ఇరకంవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా రోడ్డు అడుగుతున్నారు. వచ్చిన నాయకుడికల్లా అర్జీ ఇస్తారు. ఆ రోడ్డు పడితే నీ పడవ గతేమిటని టూరిస్టులే నన్ను అడుగుతారు. పడితే పడనీ. నొప్పులతో ఉన్న మనిషిని గడ తోసుకుంటూ ఒడ్డుకు చేర్చిన రాత్రి చూసినవాడు ఎవడూ వద్దనడు. నేను అడిగేదల్లా కట్ట పొయ్యొద్దని, స్తంభాల మీద వంతెన కట్టమని. కట్టకు అయ్యేదానికంటే ఖర్చు ఎక్కువ, మాకు తెలుసు. కింద నీళ్ళు ఇటూ అటూ ఆడితే ఎండ్రకాయ బతుకుతుంది, పక్షి వస్తుంది, వంతెన చూడటానికైనా నలుగురు పడవెక్కుతారు. మామకు ఈ లెక్కలు పట్టవు. "వంతెన లేచేలోపల నీకు మనవళ్ళు పుడతారు గానీ, రేపటికి ఎంతమందో చెప్పు" అన్నాడు మొన్న. ఎనిమిదిమంది అన్నాను. గడ దించి చూసి, ఆరుగురికే ఖాయం చెయ్యమన్నాడు. మిగతా ఇద్దరికి ఫోన్ చేసి గురువారానికి మార్చాను.